బెండు ఎవరి దగ్గరుంటే వాళ్ళే రాయాలి

కట్ట 38వ ఏడు. దక్షిణ గది లాగ్‌బుక్. రాస్తున్నది ఓలేటి పల్లాలమ్మ, సర్వర్ కాపలా.

నమోదు 1. జూన్ 3

కొత్త మిషన్లు రెండు వచ్చాయి. ఒకటి నా దక్షిణ గదికి, ఇంకొకటి అర కిలోమీటరు అవతల, కట్ట రెండో చివరనున్న ఉత్తర గదికి. హెడ్డాఫీసు ఇంజనీరు తేజోవర్ధన్ పడవలో వాటిని ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చాడు. పాతవి పద్దెనిమిదేళ్ళు పనిచేశాయి. నా దానికి ఒక మీట రాలిపోయి ఏడేళ్ళయింది, అక్కడ అగ్గిపుల్లతో పొడిచి రాసేదాన్ని. గోనెసంచిలో వేస్తుంటే కాస్త బాధేసింది.

కొత్త మిషనుకి సర్వర్ కనపడలేదు. నలభై నిమిషాలు తెరమీద చక్రం తిరిగింది. "సర్వర్ పోయినట్టుందండి," అన్నాడు తేజోవర్ధన్. పోలేదు. కట్ట కట్టిన నాటి పెట్టె, వెనక గదిలో ఎప్పటిలాగే గురక పెడుతూనే ఉంది. సంగతేమిటంటే కొత్త మిషను తన కొత్త భాషలో పలకరిస్తోంది. మా సర్వర్‌కి ఆ భాష రాదు. రాదని చెప్పడం కూడా రాదు, ఊరుకుంటుంది. ఇది జవాబు కోసం కూర్చుంటుంది. పెళ్ళిచూపుల్లో ఇద్దరు మొహమాటస్తుల్ని కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం.

"దానికి పాత భాషలు రావా బాబూ?" అని అడిగాను. వచ్చట. నాలుగో భాషా వచ్చు, మూడో భాషా వచ్చు, అడిగితే తప్ప మాట్లాడదట. మూడో భాషలో మొదలుపెట్టమని ముందే చెప్పి తగిలిస్తే రెండు సెకన్లలో ఫైళ్ళన్నీ తెరమీదికొచ్చాయి. తేజోవర్ధన్ నా వైపు చూసి నవ్వాడు. మనిషి మంచివాడే.

సర్వర్‌నే మార్చేస్తే పోలేదా అని అడిగాడు. మార్చలేం. కట్టకున్న ముప్ఫై రెండు తలుపుల్నీ ఎత్తి దించే పెట్టెలు కాంక్రీటు లోపల ఉన్నాయి. వాటికి ఈ సర్వర్ మాట తప్ప ఇంకెవరి మాటా తెలియదు.

నమోదు 2. జూన్ 4

ఫైళ్ళు కనపడుతున్నాయి గానీ రాయనివ్వడం లేదు. రాసినవాళ్ళ పేరున్న చోటల్లా "ఎవరూ కాదు" అని వస్తోంది. ఇరవై మూడేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్న నన్ను పట్టుకుని ఎవరూ కాదంటే ఒళ్ళు మండింది. కొత్త మిషను మనిషిని పేరుతో గుర్తుపడుతుంది, పాత సర్వర్ నంబరుతో గుర్తుపడుతుంది, అదీ తేడా. నా నంబరు 104, ఉత్తర గది నూకరత్నానిది 107. ఆ నంబర్లు మిషన్లలో వేశాక ఇద్దరం మళ్ళీ మనుషులమయ్యాం.

మేమిద్దరం రాసేది ఒకే ఫైలు. దాని పేరు 'నీటిలో'. రోజూ పోటు నిండి నీళ్ళు నిలకడగా ఉన్న గంటన్నరలో గజఈతగాళ్ళు వీపున గాలి సిలిండర్లతో తలుపుల గాడుల్లో దిగి ఆలిచిప్పలు గీకి, నాచు పీకి, చిక్కుకున్న వలలు కోస్తారు. ఉత్తరం మెట్లమీద దిగినవాళ్ళ పేరు రత్నం రాస్తుంది, దక్షిణం మెట్లమీద దిగినవాళ్ళ పేరు నేను రాస్తాను. ఎక్కగానే తీసేస్తాం. ఆటు మొదలై బయట సముద్రం కిందికి పోయాక తలుపుల పెట్టెలు ఈ ఫైలు చూస్తాయి. ఒక్క పేరున్నా తలుపు లేవదు. ఒక్కటీ లేకపోతే అర నిమిషం సైరన్ మోగి, ముప్ఫై రెండూ లేస్తాయి. అప్పుడు లోపలి నీళ్ళు బయటికి పోతాయి. పోకపోతే కట్ట లోపలున్న మా లంకలో వీధులు మునుగుతాయి. నీళ్ళు పోయేటప్పుడు మనిషి అక్కడుంటే మనిషీ పోతాడు. నీళ్ళ కింద సైరన్ వినపడదు.

గజఈతగాళ్ళు పధ్నాలుగు మంది. అందులో ఏసుమణి మా అక్క కూతురు. అక్క పోయాక నా దగ్గరే పెరిగింది.

నమోదు 3. జూన్ 6

బెండు గురించి తేజోవర్ధన్‌తో గంట వాదన.

మా సర్వర్‌లో తాళాలు చూసుకునే భాగం కట్ట 14వ ఏట చచ్చిపోయింది. ఒకరు రాస్తుండగా రెండోవాళ్ళని ఆపేది అదే. అది పోయాక ఒకే ఫైలు ఇద్దరూ ఒకేసారి తెరిచి రాస్తే, చివర రాసినవాళ్ళదే మిగులుతుంది, మొదటివాళ్ళది తుడిచిపెట్టుకుపోతుంది. అప్పటి సర్వర్ కాపలా అన్నవరం గారు వల కట్టుకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఆయన వలకి కట్టే బెండొకటి తెచ్చి ఎర్రరంగు వేశాడు. ఉత్తర గదికీ దక్షిణ గదికీ మధ్య కప్పీల మీద తాడు కట్టి దానికి తగిలించాడు. బెండు ఎవరి దగ్గరుంటే వాళ్ళే రాయాలి. రాశాక తాడు లాగి అవతలికి పంపాలి. అప్పటినుంచి ఒక్క పేరు పోలేదు.

తేజోవర్ధన్ బెండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇక ఇది అక్కర్లేదండి. కొత్త మిషనుకి తాళం వేసుకోవడం వచ్చు," అన్నాడు.

"ఎక్కడ వేసుకుంటుంది? సర్వర్‌లో ఆ భాగమే లేదుగా."

"తన లోపలే వేసుకుంటుంది."

"రత్నం మిషను రత్నం ఇంటికి తాళం వేసుకుంటుంది, నాది నా ఇంటికి. నడిమింటి తలుపు తెరిచే ఉంటుంది. అంతేనా?"

అంతేనన్నాడు. బెండు ఉండాల్సిందే అన్నాను. సరేనన్నాడు. ఆ రోజంతా నా అంత తెలివైనది లేదనుకున్నాను, దాచడమెందుకు.

వెళ్ళేముందు అడిగాడు, తాడు లాగడం కష్టం కాదా అని. కష్టమే. బెండు ఈ చివరినుంచి ఆ చివరికి చేరడానికి రెండు నిమిషాల నలభై సెకన్లు. పోటు పూట ఇరవైసార్లు లాగాలి. నా కుడిభుజం మూడేళ్ళుగా సరిగ్గా లేవడం లేదు. తాడుకి మోటారు పెట్టించండని తొమ్మిదేళ్ళలో ఆరు అర్జీలు పెట్టాను. ఏడోది అతని చేతికిచ్చాను.

నమోదు 4. జూన్ 20

మోటారు వచ్చింది. తేజోవర్ధన్ మాట నిలబెట్టుకున్నాడు. మీట నొక్కితే బెండు పన్నెండు సెకన్లలో ఉత్తర గదిలో ఉంటుంది. రత్నం ఫోన్ చేసి, "అక్కా, బెండు పిట్టలాగా వచ్చి వాలిందే," అంది. భుజానికి ఆముదం పెట్టడం మానేశాను.

మిషన్లు కూడా పదిహేడు రోజులుగా చక్కగా నడుస్తున్నాయి. ఫైలు మాటిమాటికీ మూసి తెరవకుండా తెరిచే ఉంచుకోండి, రాసింది దానంతటదే చేరుతుంది అని తేజోవర్ధన్ మా ఇద్దరికీ నేర్పాడు. రత్నం అలాగే చేస్తోంది. నాకు మూయకపోతే పొయ్యి ఆర్పకుండా వీధిలోకి వెళ్ళినట్టుంటుంది, నేను మూస్తున్నాను.

నమోదు 5. జూన్ 23

ఈ రోజు తలుపులు లేవలేదు. జాబితా ప్రకారం గజఈతగాళ్ళ మేస్త్రి మల్లాడి ధనకోటి నీళ్ళలో ఉన్నాడు. ధనకోటి నా గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"ఆయ్, నేనిక్కడే ఉన్నానండి. నీళ్ళల్లో ఉన్నోడికి బీడీ ఎలా ఎలుగుద్దండీ?" అన్నాడు.

కళ్ళెదుట ఉన్నా సరే, పని ముగిశాక మిగిలిపోయిన పేరు తీసేముందు పధ్నాలుగు మందినీ మెట్లమీద నిలబెట్టి లెక్కపెట్టాలన్నది రూలు. అప్పటికే సగం మంది ఇళ్ళకి పోయారు. అందరినీ పోగుచేసేసరికి గంట పట్టింది. ఆటు సగం వృథా అయింది. సాయంత్రానికి సాలెవీధిలో మోకాలిలోతు నీళ్ళు, మూడిళ్ళలో మగ్గం గుంటలు నిండిపోయాయని వచ్చి తిట్టిపోశారు.

ధనకోటి ఎక్కింది ఉత్తరం మెట్లమీద. పేరు తియ్యాల్సింది రత్నం. "తీశానక్కా, తీశాకే బెండు పంపాను," అంటుంది. తీస్తే ఎందుకుంటుంది? తెర చెప్పింది తెర చెప్పినట్టు రాస్తున్నాను: పెమ్మాడి నూకరత్నం పేరు తియ్యడం మర్చిపోయింది.

నమోదు 6. జూలై 1

మళ్ళీ అదే. ఈసారి వేరే మనిషి పేరు, అదీ ఉత్తరం మెట్లే. మళ్ళీ తలుపులు గంట ఆలస్యం. హెడ్డాఫీసు రత్నానికి మెమో ఇచ్చింది. ఇంకొక్క పొరపాటు జరిగితే గదిలోంచి తీసేస్తారట. ఆమె మొగుడికి చూపు లేదు. ఇంట్లో వచ్చేది ఈ ఉద్యోగం జీతమే. అందరికీ తెలిసిన సంగతే, నాకు మరీ తెలుసు.

ఫోన్ చేసింది. ఏడవలేదు.

"అక్కా, నా తెరమీద పేరు పోయింది. నా కళ్ళతో సూశాను. ఓ నిమిషం పోయాక మళ్ళీ వచ్చి కూర్చుంది."

"తీసిన పేరు దానంతటది ఎలా వస్తుంది రత్నం? నా రాతలు ఒక్కటీ పోలేదే. ఇదే సర్వరు, ఇదే మిషను."

"అదే నాకూ తెలీటం లేదు. మొన్నటి కాణ్ణించీ రాసిందల్లా గోడమీద బొగ్గుతో కూడా రాసుకుంటన్నాను, టైముతో సహా. ఓసారొచ్చి నా గోడ సూసెళ్ళు."

చూస్తాలే అన్నాను. వెళ్ళలేదు. ఎండ, అర కిలోమీటరు నడక, భుజం అని మూడు సాకులు చెప్పుకున్నాను. అసలు సంగతి, మర్చిపోయి బుకాయిస్తోందనుకున్నాను. నూకరత్నం మర్చిపోయింది అని ఈ నమోదులోనూ రాస్తున్నాను.

నమోదు 7. జూలై 5

జరిగింది జరిగినట్టు రాస్తాను. టైములు సర్వర్ గడియారానివి.

పదీ నలభైకల్లా ఉత్తరం మెట్లవాళ్ళందరూ ఎక్కేశారు. దక్షిణాన ఇద్దరే మిగిలారు. పదీ నలభై రెండుకి బెండు నా దగ్గరికొచ్చింది. ఫైలు తెరిచాను. నా ఇద్దరి పేర్లే ఉన్నాయి. వాళ్ళు మెట్లెక్కి కనపడ్డాక రెండూ తీసి, మూశాను. జాబితా ఖాళీ. పదీ నలభై నాలుగుకి సైరన్ మొదలైంది.

ఫోన్ మోగింది. రత్నం.

"అక్కా, మీ ఏసు నీళ్ళల్లో ఉంది. గీకుడు కత్తి జారిపోయిందని మళ్ళీ దిగింది. నేను రాశాను."

"నా తెరమీద లేదు."

"నా తెరమీద ఉంది. గోడమీదా ఉంది. పైకి రాలేదు, నేను మెట్లకేసే సూత్తన్నాను. రాయి అక్కా, పేరు రాయి."

నేను వెంటనే రాయలేదు. ఎంతసేపు రాయలేదో గూడా ఇక్కడుండాలి. ఫోన్‌లో ఆమె మాట ఆగినప్పటినుంచి నేను మీట నొక్కేదాకా పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ తెరకేసి చూస్తూ, రత్నం మళ్ళీ ఏదో తారుమారు చేసింది, ఇప్పుడు ఆపితే మళ్ళీ వీధులు మునుగుతాయి, మళ్ళీ నన్నంటారు అనుకున్నాను. తర్వాత ఫోన్‌లో, ఉత్తరం మెట్లమీద ఎవరిదో ఏడుపు వినపడింది. అప్పుడు రాశాను. ఏసుమణి అన్న నాలుగక్షరాలు రాయడానికి ఇరవై సెకన్లు పైన పట్టింది.

తలుపులు ఆగాయి. తలుపు మూడు సెకన్లకి అంగుళం లేస్తుంది. ఆగేసరికి ఎనిమిది అంగుళాలు లేచాయి. ధనకోటి, ఇంకో నలుగురు నడుముకి తాళ్ళు కట్టుకుని దిగారు. తొమ్మిదో తలుపు కింద సందులో ఏసు కుడికాలు మోకాలు దాటి ఇరుక్కుపోయి ఉందట. పీల్చే నీళ్ళకి ఎదురు లాగి, పైకి తెచ్చారు. ప్రాణం ఉంది. కాలు రెండుచోట్ల విరిగింది.

పదకొండు సెకన్లు ముందు రాసి ఉంటే సందు నాలుగున్నర అంగుళాల లోపే ఉండేది. నాలుగున్నర అంగుళాల్లోకి పాదం వెళ్తుంది, మోకాలు వెళ్ళదు. ధనకోటిని అడిగాను. "ఆయ్, ఎల్లదండి," అన్నాడు.

నమోదు 8. జూలై 6

ఆసుపత్రికి వెళ్ళాను. ఏసుమణి మెలకువగానే ఉంది. మంచం పక్క బల్లమీద గీకుడు కత్తి ఉంది. తెచ్చినప్పుడు పిడికిలి విప్పలేకపోయారట.

"కత్తి దొరికింది పిన్నీ," అంది.

పదకొండు సెకన్ల సంగతి చెప్పాను. "రత్నమత్తకి చెప్పావా?" అని అడిగింది. లేదన్నాను. "నాకెందుకు, ముందు ఆవిడకి చెప్పు," అంది.

తిరిగొచ్చేసరికి హెడ్డాఫీసు కాగితం వచ్చి ఉంది. ఉత్తర గది రాతగత్తె నిర్లక్ష్యం వల్ల ప్రమాదం, ఉద్యోగంలోంచి తొలగింపు. సాక్షిగా కింద నా సంతకం పెట్టి పంపాలట. రత్నం మిషను పేరు రాసినట్టు ఎక్కడా దాఖలా లేదు కాబట్టి అన్నారు. నా రెండు నమోదులూ రుజువుగా జతచేశారు.

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని ఉత్తర గదికి నడిచాను. తొమ్మిది నిమిషాల నడక.

గోడంతా బొగ్గే. చెక్కల గోడ కింది వరసనుంచి మొదలై, పైకి నిండి, తలుపు వెనక్కి తిరిగి, కిటికీ రెక్కల మీదికి ఎక్కింది. తేదీ, పేరు, దిగిన టైము, ఎక్కిన టైము, తెరమీద రాసిన టైము, బెండు పంపిన టైము. సెకన్లతో సహా ఉన్నాయి. అంత పొందికగా నేను ఈ లాగ్‌బుక్ రాయలేదు. చివరి వరసలో ఏసుమణి పేరు, 'దిగింది' అని ఉంది. పక్కన 'ఎక్కింది' చోటు ఖాళీగా ఉంది.

రత్నం స్టూలు మీద కూర్చుని ఉంది. "ఇప్పుడొచ్చావా అక్కా," అంది.

పదకొండు సెకన్లూ చెప్పాను. కాగితం చూపించాను. చదివి తిరిగిచ్చేసింది. నీళ్ళు కూడా ఇవ్వలేదు, ఇస్తుందనీ అనుకోలేదు. గోడమీది టైములన్నీ కాగితం వెనకే రాసుకుని వచ్చాను.

నమోదు 9. జూలై 7

రత్నం రాతలు సర్వర్‌కి చేరిన టైములు సర్వర్‌లో ఉంటాయి. ఎవరూ చూడరు గానీ ఉంటాయి. గోడమీది టైముల కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. ఏసుమణి పేరు ఉంది. గోడమీద రాసినప్పటికీ సర్వర్‌కి చేరినప్పటికీ ముప్ఫై సెకన్లు తేడా. దాని ముందుదీ ముప్ఫై. దాని ముందుదీ ముప్ఫై. నా రాతలకి తేడా సున్నా.

తేజోవర్ధన్ పొద్దున పడవకే వచ్చాడు. ముగ్గురం కలిసి పరీక్ష చేశాం. రత్నం తన తెరమీద 'పరీక్ష' అని రాసి మోటారు మీట నొక్కింది. పన్నెండు సెకన్లకి బెండు నా చేతిలో ఉంది. నేను ఫైలు తెరిచాను. పరీక్ష లేదు. మోటారు విప్పి, కొత్తగా ఇంకోటి రాసి చేత్తో లాగమన్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లకి బెండు వచ్చింది. తెరిచాను. ఉంది.

అప్పుడర్థమైంది. పాత మిషన్లు రాసిన అక్షరం రాసినట్టే సర్వర్‌కి పంపేవి. కొత్తదానికి ఓపిక ఎక్కువ. ఫైలు తెరిచి ఉన్నంతసేపూ రాసినదాన్ని అరనిమిషం కొంగున ముడేసుకుని ఉంచుకుంటుంది, ఇంకేమైనా రాస్తారేమో అన్నీ కలిపి పంపుదామని. మూస్తే మాత్రం వెంటనే పంపుతుంది. మూడో భాష మాట్లాడమన్నాం, మాట్లాడింది. అలవాట్లు మార్చుకోమని మేం చెప్పలేదు, అది మార్చుకోలేదు.

తాడు చేత్తో లాగినన్నాళ్ళూ ఆ అరనిమిషం ఎవరికీ తెలియలేదు. బెండు వచ్చేలోపే రాత వచ్చేసేది. మోటారు పెట్టాక బెండు ముందొస్తోంది, రాత వెనక వస్తోంది. నేను తెరిచేసరికి రత్నం రాసింది ఇంకా దారిలోనే ఉంటుంది. పాత జాబితా మీద రెండు వేళ్ళతో మెల్లిగా నా పేర్లు కొట్టుకుని, మూసి, మొత్తం జాబితా పంపుతాను. ఈలోపు వచ్చిన ఆమె రాత మీద నాది పడుతుంది. ధనకోటి పేరు మళ్ళీ పెట్టింది నేను. ఏసుమణి పేరు చెరిపింది నేను. మోటారు కావాలని ఏడు అర్జీలు పెట్టిందీ నేనే.

"తెరిచి ఉంచమని నేర్పింది నేనండి," అన్నాడు తేజోవర్ధన్.

"అవును," అన్నాను. ఓదార్చే ఓపిక లేదు.

మిషన్లకి రెండు ముక్కలు చెప్పి సరిచేశాడు. రాసింది ఏదీ దాచుకోకు, అప్పటికప్పుడు పంపు. చదివేముందు ప్రతిసారీ సర్వర్‌ని అడుగు. రెండు వరసల పని. ఇక మోటారు మళ్ళీ పెట్టుకున్నా ప్రమాదం లేదన్నాడు. నిజమే కావచ్చు. కప్పీకి మోటారు పట్టే మేకులు అప్పటికే పీకి సముద్రంలో పారేశాను.

నమోదు 10. జూలై 12

హెడ్డాఫీసుకి ముగ్గురి పేర్లతో కాగితం వెళ్ళింది. గోడ ఫోటోలు, సర్వర్ టైములు, పదకొండు సెకన్లు, అన్నీ పెట్టాం. తేజోవర్ధన్ తన పేరు అందరికన్నా పైన రాసుకున్నాడు. తొలగింపు రద్దయింది. నాకు మెమో వచ్చింది. రత్నానికి వచ్చినదే, పేరు మార్చారు.

ఏసుమణి కాలికి కట్టు ఇంకో రెండు నెలలు. తర్వాత నడుస్తుందట. ఇక నీళ్ళలోకి దిగడం కుదరదన్నారు. ఆ మాట విన్నప్పుడు నా మొహం చూడలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. నేను కూర్చునే ఉన్నాను. చాలాసేపయ్యాక, దాహమేస్తోంది పిన్నీ అంది.

రత్నం మాత్రం గదికి రావడం లేదు. పని వద్దని కాదట. ధనకోటి చేత కబురు పంపింది: "లాగ్‌బుక్కులో నేను మర్చిపోయానని రెండుసోట్ల ఉందంట. అలా ఉన్నంతకాలం నేను రాను." వారం రోజులుగా ఉత్తరం మెట్లు మూసేశాం. పధ్నాలుగు మంది కాదు, పదముగ్గురు, అందరూ నా మెట్లమీదే దిగుతున్నారు.

నమోదు 11. జూలై 13

లాగ్‌బుక్‌లో రాసింది చెరపకూడదు. అన్నవరం గారి రూలు అది. ఇరవై మూడేళ్ళలో నేను ఒక్క అక్షరం కొట్టేయలేదు. అందుకని నమోదు 5, నమోదు 6 అలాగే ఉంటాయి. వాటికింద ఇది చదవాలి:

పెమ్మాడి నూకరత్నం జూన్ 23న మర్చిపోలేదు. జూలై 1న మర్చిపోలేదు. జూలై 5న మర్చిపోలేదు. మూడుసార్లూ రాసింది. మూడుసార్లూ ఆ రాతని చెరిపింది ఓలేటి పల్లాలమ్మ. ఆమె గోడ చూడమని పిలిచినప్పుడు వెళ్ళనిదీ, సైరన్ మోగుతుంటే పదకొండు సెకన్లు నమ్మనిదీ ఓలేటి పల్లాలమ్మే.

పోటు నిండడానికి గంట ముందు రత్నం ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను.

"టైము కూడా రాశావా?" అని అడిగింది.

"రాశాను. జూలై 13, ఉదయం ఎనిమిదీ పన్నెండు."

"సెకన్లు?"

సర్వర్ గడియారం చూశాను. "నలభై ఒకటి."

"రాయి."

ఎనిమిదీ పన్నెండు నలభై ఒకటి. రాశాను.

తొమ్మిదిన్నరకి ఉత్తర గదిలోంచి ఫోన్ వచ్చింది. ఇద్దరు దిగడానికి సిద్ధంగా ఉన్నారు, బెండు నీ దగ్గరే ఉండిపోయింది, పంపు అంది. తాడు లాగడం మొదలుపెట్టాను. భుజం సలుపుతోంది. బెండు కట్టమీదుగా మెల్లిగా వెళ్ళి రెండు నిమిషాల నలభై మూడు సెకన్లకి చేరింది. భుజం బాలేక మూడు సెకన్లు ఎక్కువైంది.